బెంచీ మీద ఏడుగురు, ఆడగలిగింది ఇద్దరు: ఒక ఫుట్‌బాల్ జట్టు కేస్ స్టడీ

ఈ కేసు నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుది. ఊరి పేరు, లీగ్ పేరు రాయడం లేదు. కొందరు ఆటగాళ్ళ పొజిషన్లు, పనుల వివరాలు మార్చాను. నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు, బండి మీంచి పడ్డవాళ్ళు. ఆటగాళ్ళు వచ్చినా ఒంటరిగా వస్తారు, కాలో భుజమో చూపించుకుని పోతారు. ఒక జట్టులో ఎవరు ఆడాలి, ఎవరు ఆగాలి అన్న ప్రశ్న మొత్తంగా నా బల్ల మీదకి వచ్చింది ఈ కేసులోనే.

నేపథ్యం

పది జట్ల లీగ్. ఒక్కో జట్టుకి 18 మ్యాచులు. అక్టోబరు చివర మొదలై ఫిబ్రవరిలో ముగియాలి. నెల్లూరు వానల సంగతి తెలిసినవాళ్ళకి ఆ షెడ్యూల్ చూడగానే నవ్వొస్తుంది. రాష్ట్రంలో చాలా చోట్ల నైరుతి ముఖ్యం, మనకి ఈశాన్యం ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఎక్కడ వాయుగుండం పట్టినా మన హైస్కూల్ గ్రౌండ్లు మడుగులవుతాయి. ఆ ఏడాదీ అంతే. నవంబరు, డిసెంబరుల్లో వాయిదా పడ్డ మ్యాచులన్నీ జనవరిలోకి వచ్చి పడ్డాయి. సంక్రాంతి మూడు రోజులు వదిలేస్తే ఇక ప్రతి బుధవారం ఒకటి, ప్రతి ఆదివారం ఒకటి.

క్లబ్బులో రిజిస్టర్ అయినవాళ్ళు 22 మంది. పాలిటెక్నిక్ కుర్రాళ్ళు, కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు పనివాళ్ళు, రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్ళు, ఒక ఆటో డ్రైవరు, ఒక ప్రైవేటు స్కూలు పీఈటీ. కోచ్ రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు, అందరికీ మాస్టారు. జీతాలు లేవు. బస్సు ఖర్చు, మ్యాచ్ అయ్యాక టిఫిను, అంతే. సంక్రాంతికి ముందు ఈ జట్టు మూడు పాయింట్ల ఆధిక్యంతో పట్టికలో మొదటి స్థానంలో ఉంది. జట్టు పెట్టిన ఇన్నేళ్ళలో అంత పైకి ఎన్నడూ పోలేదు.

సమస్య

పండగ తర్వాత మొదటి ఆదివారం, అరగంట కూడా కాకముందే, కుడివైపు వింగర్ (గీత పక్కన పరిగెత్తి దాడి చేసేవాడు) పరిగెత్తుతూ తొడ వెనక పట్టుకుని ఆగిపోయాడు. బుధవారం మ్యాచులో స్ట్రైకర్‌కి, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడికి, అదే చోట, అదే తీరు. అదే రోజు ఆఖర్లో, గోల్ ముందు మధ్యలో కాపలా కాసే సెంటర్ బ్యాక్‌కి గజ్జల్లో పట్టేసింది. మర్నాడు మాస్టారు ముగ్గురినీ ఒకే ఆటోలో తీసుకొచ్చారు.

"ఏంది సార్ ఇది, ముగ్గురూ మొన్నటిదాకా బ్రహ్మాండంగా ఉండారు. ఆటలో యాడా తగ్గలా. ఉన్నట్టుండి పడిపోతా ఉంటే ఏం జెయ్యాల?"

ఆటలో తగ్గలేదన్న మాట దగ్గరే నేను ఆగాను. 2010లో గ్రెగరీ డుపాంట్ బృందం ఒక అగ్రస్థాయి యూరప్ జట్టు మీద రెండు సీజన్ల లెక్కలు ప్రచురించింది. వారానికి రెండు మ్యాచులు ఆడినప్పుడు, ఒకటే ఆడినప్పటితో పోలిస్తే, గాయాల రేటు ఆరు రెట్లు. ఆటగాళ్ళు మైదానంలో పరిగెత్తిన దూరం, వేగం మాత్రం దాదాపు మారలేదు. గీత అవతల నిలబడి చూసే కోచ్ కంటికి అలసట కనపడదని దానర్థం. మ్యాచ్ తర్వాత తొడ వెనక కండరాల బలం పూర్తిగా తిరిగి రావడానికి మూడు రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆదివారం సాయంత్రం ఆడి బుధవారం సాయంత్రం దిగితే సరిగ్గా 72 గంటలు. వాళ్ళకి యూరప్ క్లబ్బుల్లో లాగా ఆ మూడు రోజులూ విశ్రాంతి అయినా ఉందా అన్నది అప్పటికి నాకు తెలియదు.

వింగర్‌కీ స్ట్రైకర్‌కీ చేత్తో చూసిన పరీక్షలోనే సంగతి తేలింది. ఇద్దరికీ బయటి వైపు హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం), పూర్తి వేగంలో కాలు ముందుకి విసిరి నేలకి తాకే ముందు సాగుతూ బిగిసే క్షణంలో చిట్లింది. స్ప్రింట్ గాయాల్లో ఎక్కువగా దెబ్బతినేది అదే. ఎమ్మారై తీయిద్దామా అని క్లబ్బు సెక్రటరీ అడిగారు. వద్దన్నాను. స్కాన్‌లో ఏం కనపడినా వైద్యం మారదు, ఆ డబ్బుకి వేరే పని దొరుకుతుందని నా ఆలోచన. నిజంగానే దొరికింది, కింద చెప్తాను. మూడు నాలుగు వారాలు పడుతుందని చెప్పాను. లీగ్‌లో అప్పటికి మిగిలినవి ఏడు మ్యాచులు.

మొదట చేసినవి, అవి ఎందుకు చెడ్డాయి

ఆ ఆదివారం పట్టికలో అట్టడుగు జట్టుతో ఆట. మాస్టారు ఐదుగురిని ఒకేసారి మార్చారు. బలహీనమైన జట్టు మీద మంచివాళ్ళకి విశ్రాంతి ఇచ్చి, బలమైన జట్టుకి దాచుకోవాలి. ఎవరైనా అట్లాగే ఆలోచిస్తారు, ఆ వాదనలో లోపం వెతకడం కష్టం. ఆట 1-1తో ముగిసింది. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటే, అంటే రెండు పోయాయి, పైగా బెంచీ నుంచి వచ్చిన లెఫ్ట్ బ్యాక్ (వెనక వరసలో ఎడమవైపు ఆడేవాడు) 70వ నిమిషంలో పిక్క పట్టేసి కూలబడ్డాడు.

ఎందుకిలా అని స్కోరు పుస్తకాలు తెప్పించుకుని చూశాను. కొత్తగా దిగిన ఐదుగురిలో ముగ్గురు డిసెంబరు మొదలయ్యాక ఒక్క మ్యాచులో కూడా 20 నిమిషాలకి మించి మైదానంలో లేరు. మాస్టారికి సబ్‌స్టిట్యూట్లని 80వ నిమిషం దాటాక దింపడం అలవాటు. గెలుస్తుంటే టైము గడపడానికి, ఓడుతుంటే ఆఖరి ప్రయత్నానికి. మొత్తం ఏడుగురు బెంచీ మీద ఉంటే, 90 నిమిషాలు తట్టుకునే ఒళ్ళు ఇద్దరికే ఉంది. స్టెప్నీలు ఉన్నాయి, గాలి చూసినవాళ్ళు లేరు. విశ్రాంతిలో ఉన్నవాడు తాజాగా ఉంటాడని మనం అనుకుంటాం. నెలన్నర ఆడనివాడిని ఒక్కసారిగా పూర్తి మ్యాచులో దింపితే వాడి కండరాలకి అది అలసిపోయినవాడి మ్యాచ్ కంటే పెద్ద దెబ్బ. ఇంకో తప్పు కూడా జరిగింది. పక్కకి తప్పించిన ఐదుగురిలో సెంటర్ బ్యాక్, అతని ముందు ఆడే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్, పక్కనుండే లెఫ్ట్ బ్యాక్ ముగ్గురూ ఒకరిని ఆనుకుని ఒకరు ఉండేవాళ్ళు. ఎవరు ముందుకి పోవాలి, ఎవరు ఆగాలి అని అరిచి చెప్పేవాడు ఆ మూలలో లేకుండా పోయాడు. గోల్ పడింది అక్కడినుంచే.

బుధవారం ఆటకి మాస్టారు దిద్దుబాటు చేశారు. సెంటర్ బ్యాక్ ఖాళీలో కుర్రాడిని పెట్టడానికి భయపడి, జట్టులో అందరికన్నా తెలివైన డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని వెనక్కి లాగారు. ఇది ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్ళు చేసిన పనే. 2020 అక్టోబరులో సెంటర్ బ్యాక్ వాన్ డైక్ మోకాలి గాయంతో దూరమయ్యాక ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ ఫాబిన్యోని, తర్వాత హెండర్సన్‌ని మిడ్‌ఫీల్డ్ నుంచి తీసి సెంటర్ బ్యాక్ చేసింది. వెనక ఖాళీ నిండింది గాని మధ్యలో జట్టు బక్కచిక్కింది. ఆపైన హెండర్సన్ కూడా గాయపడ్డాడు. సొంత మైదానంలో వరసగా ఆరు లీగ్ మ్యాచులు ఓడారు. ఆఖరి పది మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా మూడో స్థానానికి ఎగబాకింది మాత్రం ఫాబిన్యోని తిరిగి మధ్యలోకి పంపి, వెనక నాట్ ఫిలిప్స్, రీస్ విలియమ్స్ లాంటి పెద్దగా పేరులేని కుర్రాళ్ళని నమ్ముకున్నాక. మన జట్టుకి అంత కథ జరిగే టైము లేదు. 2-0తో ఓడిపోయారు, రెండు గోల్సూ మధ్యలో అడ్డం లేకుండా నడిచొచ్చినవే.

మూడోది స్ట్రైకర్ సంగతి. రెండు మ్యాచుల్లో ఒకే పాయింటు రాగానే క్లబ్బులో పెద్దల ఓపిక పోయింది. కుర్రాడు జాగింగ్ చేస్తున్నాడు, నొప్పి లేదంటున్నాడు. ఈలోగా ఇంట్లోవాళ్ళు నాటు కట్టు కట్టించారు, వారం రోజులు మోకాలు వంచలేదు. నాటు కట్టు మీద మన వైపు ఉన్న నమ్మకం నాకు తెలుసు, ఎముక సంగతి వేరే. చిట్లిన కండరాన్ని వారం కదలకుండా ఉంచితే నొప్పి తగ్గుతుంది, బలం కూడా తగ్గుతుంది. నొప్పి తగ్గడమే అందరికీ కనపడింది. గాయమైన పదకొండో రోజున ఒక నొప్పి బిళ్ళ వేసుకుని దిగాడు. పావుగంట తిరక్కముందే మళ్ళీ అదే తొడ. ఆ మ్యాచ్ 1-0తో గెలిచారు గాని అతని సీజన్ అక్కడితో సరి.

హ్యామ్‌స్ట్రింగ్‌కి మళ్ళీ గాయమయ్యే అవకాశాన్ని చెప్పే అన్నిటికన్నా బలమైన సూచిక అంతకుముందు గాయం ఉండటమే. అందుకే నేను అడిగేది "నొప్పి ఉందా" అని మాత్రమే అయితే చాలదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు చాపి, కాలిని ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా పైకి విసరమంటాను. నొప్పి లేకపోయినా, ఆఖర్లో కాలు తనంతట తనే వెనకాడితే ఆ కండరం ఇంకా సిద్ధంగా లేదు. ఆ పరీక్షకి ఈ కుర్రాడిని తీసుకురాలేదు.

లెక్కలో లేని ఆటలు

రెండోసారి తొడ పట్టేశాక మాస్టారు పంతం వదిలారు. ఒక సాయంత్రం ప్రాక్టీస్ ఆపేసి, ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, గత రెండు వారాల్లో మ్యాచులు కాక ఇంకా ఏమేం చేశారో రాయించాను. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఆ కాగితాలే.

వింగర్ "ఊరికే పట్టేసింది సార్" అన్నవాడు. వాడి పక్కనున్నవాడు నవ్వి, "చెప్పరా, పండక్కి ఊళ్ళో టెన్నిస్ బాల్ టోర్నమెంటులో రెండు రోజులు బౌలింగ్ ఏసినావు గదా" అన్నాడు. సంక్రాంతికి పల్లెల్లో నగదు బహుమతుల టోర్నమెంట్లు మామూలే, కాళ్ళు బలంగా ఉన్నవాడిని ఏ ఊరూ వదలదు. మేం విశ్రాంతి అనుకున్న మూడు రోజుల్లో ఈ కుర్రాడు గట్టి నేల మీద ఫాస్ట్ బౌలింగ్ చేశాడు. సెంటర్ బ్యాక్ కథ వేరే. అతను రొయ్యల గుంటల దగ్గర రాత్రి పని. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువకి పడిపోతుంది, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే సరుకు మొత్తం పోతుంది, అందుకని ఆ వేళకి కట్ట మీద తిరుగుతూనే ఉండాలి. మ్యాచ్ ముందు రాత్రి అతని నిద్ర మూడు గంటలు. పోర్టు కుర్రాళ్ళలో ఒకడు నైట్ షిఫ్టు దిగి నేరుగా ఒంగోలు మ్యాచ్ బస్సెక్కాడు.

కోచ్ డైరీలో వీళ్ళందరి మ్యాచ్ నిమిషాలు ఒక్కటే. ఒంటి మీద పడ్డ భారం ఒక్కటి కాదు.

మాస్టారు ఒక మాట అడిగారు: "2016లో లెస్టర్ వాళ్ళు ఎవర్నీ మార్చకుండానే కప్పు కొట్టారు గదా సార్?" నిజమే, లెస్టర్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచిన ఆ సీజన్ మొత్తం లీగ్‌లో వాళ్ళు వాడింది 23 మందినే, అందరికన్నా తక్కువ. కానీ వాళ్ళకి వారం మధ్యలో పడే యూరప్ మ్యాచులు లేవు, దేశవాళీ కప్పుల నుంచి త్వరగానే బయటపడ్డారు. చాలా వారాలు ఆదివారం నుంచి శనివారం దాకా ఖాళీ. మన వాళ్ళకి బుధవారం ఉంది, కట్ట మీద రాత్రి కాపలా కూడా ఉంది.

పనిచేసినవి

మొదట చేసింది వైద్యం కూడా కాదు. సెక్రటరీతో మాట్లాడి, మ్యాచ్ ముందు రెండు రాత్రులు గుంటల దగ్గర సెంటర్ బ్యాక్ బదులు వేరే మనిషిని పెట్టించాం. గుంటల యజమాని ఫుట్‌బాల్ అభిమాని కావడం కలిసొచ్చింది. కూలి క్లబ్బు ఇచ్చింది. ఎమ్మారైకి పెట్టకుండా మిగిల్చిన డబ్బు ఇందుకు సరిపోయి, ఇంకా మిగిలింది. పోర్టు కుర్రాళ్ళ షిఫ్టు మార్పిడి కెప్టెన్ చూసుకున్నాడు.

రెండోది ఒక నోటు పుస్తకం. ప్రాక్టీస్ అయినా మ్యాచ్ అయినా అయ్యాక ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పాలి, దాన్ని నిమిషాలతో గుణించి రాస్తాం. పక్కన రాత్రి నిద్ర, షిఫ్టు. ఈ పద్ధతి ప్రపంచమంతా వాడేదే. ఈ వారం భారాన్ని గత నాలుగు వారాల సగటుతో భాగించి, ఇంత దాటితే గాయం ఖాయమని గీత గీసే పద్ధతి కూడా ఒకటుంది. దాని మీద నాకు నమ్మకం తక్కువ, పరిశోధకుల్లోనే దాని మీద పెద్ద తగాదా ఉంది. నేను చూసింది ఒక్కటే: ఎవరి అంకె ఉన్నట్టుండి పైకి దూకిందో వాడిని ఆపడం, ఎవరి అంకె చాన్నాళ్ళుగా పడిపోయి ఉందో వాడికి కొంచెం కొంచెంగా నిమిషాలివ్వడం. రెండోదాన్ని మాస్టారి చేత ఒప్పించడమే కష్టమైంది.

జట్టు మార్చే తీరు కూడా మార్చాం. ఎదుటి జట్టు బలాన్ని బట్టి విశ్రాంతి ఇవ్వడం మానేశాం. ఒక మ్యాచుకి మొదటి పదకొండు మందిలో ఇద్దరికి మించి మార్చకూడదు, ఆ ఇద్దరూ పక్కపక్కన ఆడేవాళ్ళు కాకూడదు. ప్రతి స్థానానికీ ఒక జత. జతలో రెండోవాడు స్కోరు ఎంతైనా సరే 60వ నిమిషంలో దిగాలి. ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల వెసులుబాటు 2020లో కోవిడ్ వల్ల తాత్కాలికంగా వచ్చి, 2022లో నియమాల్లో స్థిరపడింది. ఈ లీగ్ కూడా దాన్నే పాటిస్తోంది. ఆట మధ్యలో మూడుసార్లే ఆపొచ్చు, హాఫ్ టైంలో మార్చింది ఆ లెక్కలోకి రాదు. అంత చోటు ఉండగా 80వ నిమిషం దాకా వాడకపోవడం వల్లే బెంచీ కుర్రాళ్ళ ఒళ్ళు చల్లబడింది. మొదటిసారి 60వ నిమిషంలో, 1-0 ఆధిక్యంలో ఉండగా, మాస్టారు ముగ్గురిని మార్చారు. మొహం చూస్తే తెలిసింది, తన చెయ్యి తనే నరుక్కున్నట్టున్నారు. ఆట గెలిచారు.

సెంటర్ బ్యాక్ గజ్జలు కుదుటపడేదాకా ఆ స్థానంలో పాలిటెక్నిక్ కుర్రాడినే నిలబెట్టాం. మిడ్‌ఫీల్డర్ తన చోటుకి తను పోయాడు. ఈ కుర్రాడు తలతో బంతి బాగా ఆడతాడు గాని మలుపులో నిదానం. వాడి కోసం డిఫెన్స్ మొత్తం పది గజాలు వెనక్కి దిగి ఆడింది. ఇది మాస్టారి నిర్ణయం, ఈ కేసు మొత్తంలో అందరికన్నా బాగా ఆలోచించింది అక్కడే అంటాను. ఇంగ్లండ్ లీగ్‌లో ఆర్సెనల్ 2022-23లో చాలా నెలలు పట్టికలో ముందుండి, మార్చిలో సెంటర్ బ్యాక్ సాలిబా నడుము గాయంతో వెళ్ళిపోయాక, ఏప్రిల్‌లో లివర్‌పూల్, వెస్ట్ హామ్, సౌతాంప్టన్‌లతో వరసగా డ్రా చేసుకుని, మాంచెస్టర్ సిటీ చేతిలో 4-1తో ఓడింది. అతని బదులు వచ్చిన హోల్డింగ్ అంత పనికిరానివాడని నేననుకోను. సాలిబా వేగం చూసుకుని మైదానం సగం దాకా ఎక్కి ఆడే పద్ధతిలో, ఆ వేగం లేనివాడిని నిలబెట్టారు. మనిషి మారితే పద్ధతి కూడా కాస్త వంగాలి.

వ్యాయామాల్లో రెండే మార్పులు. గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, నిలబడి కాళ్ళు సాగదీయడం తీసేసి ఫిఫా 11 ప్లస్ వార్మప్ పెట్టాం. 15 వ్యాయామాలు, 20 నిమిషాలు, ప్రత్యేక పరికరాలేవీ అక్కర్లేదు. మోకాళ్ళ మీద నిలబడి, ఒకరు మడమలు పట్టుకుంటే మెల్లగా ముందుకి వాలే నార్డిక్ వ్యాయామం అందులోనే ఉంది. దానివల్ల హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు సుమారు సగానికి తగ్గుతాయని పలు అధ్యయనాలు కలిపి చూసినవాళ్ళు తేల్చారు. దాన్ని చూసి మాస్టారు రోజూ చేయిద్దామన్నారు. ఆపాను. కొత్తవాళ్ళకి మర్నాడూ ఆ మర్నాడూ తొడలు పుండులా ఉంటాయి, బుధవారం మ్యాచుకి మంగళవారం చేయిస్తే గాయాన్ని మనమే పిలిచినట్టు. మ్యాచ్ అయిన మర్నాడు, అదీ ఐదారుసార్లు వాలడంతో మొదలు. దాని అసలు చోటు సెప్టెంబరు, వానలకి ముందు.

వింగర్‌ని నాలుగు వారాలు నిండాక, కాలు విసిరే పరీక్షలో వెనకాడకపోయాక, ప్రాక్టీసులో పూర్తి వేగం పరుగులు రెండు రోజులు చూశాక పంపాను. మొదటి పదకొండులో కాదు, ఆఖరి 25 నిమిషాలకి. చివరి మ్యాచులో గంట ఆడాడు.

ఫలితం

మిగిలిన నాలుగు మ్యాచుల్లో మూడు గెలుపులు, ఒక డ్రా. కొత్తగా తొడ పట్టేసినవాడు లేడు. ఒకడికి చీలమండ మడతపడింది, అది గ్రౌండులో గుంత వల్ల. ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానం వచ్చింది. అట్టడుగు జట్టుతో పోగొట్టుకున్న రెండు పాయింట్ల గురించి క్లబ్బులో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

మా మార్పుల వల్లే గాయాలు ఆగాయని నేను రాయలేను. ఆఖరి రెండు మ్యాచులకి ముందు వారం వారం విరామం వచ్చింది, ఆ విరామమే సగం పని చేసి ఉండొచ్చు. పండగ టోర్నమెంట్లూ అప్పటికి అయిపోయాయి. నాలుగు మ్యాచులు ఏ పద్ధతినైనా నిరూపించడానికి చాలవు. బెంచీ కుర్రాళ్ళ నిమిషాలు మాత్రం పుస్తకంలో ఉన్నాయి. చివరి మ్యాచ్ నాటికి 90 నిమిషాలు ఆడగలవాళ్ళు, మొదటి పదకొండు మంది కాక, ఐదుగురయ్యారు.

వచ్చే సీజన్‌కి రిజిస్ట్రేషన్ జాబితా జతల లెక్కన రాస్తున్నారు. పండగ టోర్నమెంట్లు మానమంటే ఎవరూ మానరు, కాబట్టి ముందుగా చెప్పమని, చెప్పినవాడికి తర్వాతి ఆదివారం సెలవని మాస్టారు తీర్పిచ్చారు. తేలనిది గోల్ కీపర్ సంగతి. సీజన్ మొత్తంలో మొదటి కీపర్ ఒక్క నిమిషం కూడా బయటికి రాలేదు, రెండో కీపర్ ఒక్క నిమిషం కూడా లోపలికి పోలేదు. అక్టోబరులో వానలు పట్టకముందు ఒక మ్యాచ్ పూర్తిగా రెండోవాడికి ఇవ్వమని రాసిచ్చాను. "చూద్దాం సార్" అన్నారు మాస్టారు.